కాలికి తగలాల్సిన రాయి

అమ్మ పోయిన తొమ్మిదో రోజు సాయంత్రం జపమాల ప్రార్థన ముగిసింది. వచ్చినవాళ్లు మొక్కజొన్న పిండి తమాలీలు తిని, చుట్టిన ఆకులు పెరట్లో పారేసి వెళ్లిపోయాక మా అన్న లిసాంద్రో గోడ కొయ్యకున్న అమ్మ శాలువా తీశాడు. దాన్ని తన కూతురు ఒదీలియా భుజాల మీద కప్పి, ఒక కొంగు తెచ్చి నాన్న గుప్పిట్లో పెట్టాడు. నాన్న దాన్ని బిగించి పట్టుకున్నాడు. ఒదీలియాకు పదకొండేళ్లు. శాలువా దాని మోకాళ్ల కిందికి వేలాడింది.

అంతే. ఒక పిల్ల బడి మాన్పించడానికి మా ఇంట్లో పట్టిన సమయం అంత.

నేను అప్పుడే నోరు తెరవాల్సింది. కానీ అమ్మ పోయి తొమ్మిది రోజులే అయిందని ఊరుకున్నాను. ఆ విషయంలో నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

నాన్నకు చూపు పోయి తొమ్మిదేళ్లు. మా కొండవాగుల మీద ముసిరే నల్ల ఈగ తెచ్చే జబ్బు అది. ముందు తల మీద గడ్డలు లేస్తాయి, కొన్నేళ్లకు కళ్లు పోతాయి. ప్రతి శుక్రవారం నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లల తలలు తడిమి చూస్తాను, గడ్డ తగిలితే కోసి తీసే బృందానికి కబురు పెడతాను. నాన్న తల అలా తడిమినవాళ్లు లేరు. ఆ తొమ్మిదేళ్లూ శాలువా ఒక కొంగు అమ్మ మెడ చుట్టూ, రెండోది నాన్న చేతిలో ఉండేవి. కాఫీ తోటకు, చర్చికి, పెరట్లోకి కూడా అలాగే. తోటలో నాన్న చేతిని తీసుకెళ్లి ఒక్కో కొమ్మ మీద పెట్టేది అమ్మ. ఊళ్లో ఆమెను దేవత అన్నారు. మా సాన్ బెర్నబేలో గుడ్డివాడు ఒంటరిగా నడిస్తే సిగ్గు అతనిది కాదు, ఇంటిది. నడిపించే మనిషి లేని ఇల్లు అంటారు.

నేను రెండు గదుల బడిలో అయిదు, ఆరు తరగతులకు చెబుతాను. ఒదీలియా అక్టోబరులో అయిదు పాసైంది. ఆరులో పేరు రాయించడానికి జనవరి పదిహేను ఆఖరి రోజు. ఆ రోజు దాటితే పిల్ల ఇక రాదు. నా ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నలుగురు ఆడపిల్లలు ఇలాగే ఇంట్లో గుడ్డి ముసలివాళ్ల కర్ర కొస పట్టుకుని వెళ్లిపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు. రిజిస్టరులో వాళ్ల పేర్ల మీద గీత కొట్టి, కారణం దగ్గర ‘ఇంటి అవసరం’ అని రాసింది నేనే.

నవంబరులో కోతలు మొదలయ్యాక వదిన విసెంతాను పొయ్యి దగ్గర అడిగాను, జనవరిలో పిల్లను పంపుతారా లేదా అని. ఆమె రొట్టె తట్టడం ఆపలేదు.

“నువ్వు ఉద్యోగం మానేసి మామయ్యని నడిపిస్తావా? మానవు. నేను మానితే రొట్టెలెవరు కాలుస్తారు? మీ అన్న మానితే కాఫీ ఎవరు కోస్తారు? ఇక మిగిలింది ఎవరో నువ్వే చూడు. లెక్కల టీచరువి కదా.”

ఆమె లెక్క తప్పలేదు మరి.

డిసెంబరు ఎనిమిదిన, మరియమ్మ పండుగనాడు, మావాళ్లు కాఫీ కోసే ఎస్టేటు చర్చిలో పూజ అయ్యాక దొరసాని ఒదీలియాను ముందుకు పిలిచింది. ‘తాతగారి కళ్లు’ అని అందరి ముందూ మెచ్చుకుని దాని రవికకు నీలం రిబ్బను గుచ్చింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఫాదర్ నా దగ్గరకు వచ్చి, పిల్లకు ఎంత బాగా నేర్పావు సెన్యో అన్నాడు. మా వైపు టీచరమ్మను అలాగే పిలుస్తారు.

“ఇది నేను నేర్పింది కాదు ఫాదర్,” అన్నాను.

ఆయన దాన్ని వినయం అనుకున్నాడు. పదకొండేళ్ల పిల్లను తాడులా వాడుకుంటున్నారు, పైగా ఆ తాడుకు రిబ్బను కట్టారు. దొరసాని తన మనవరాళ్లను రాజధానిలో చదివిస్తోంది. వాళ్లలో ఎవరికీ ఆమె అలాంటి రిబ్బను గుచ్చి ఉండదు.

ఇంటికి వచ్చాక ఒదీలియా ఆ రిబ్బను తీసి లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. దశాంశాల దగ్గర. ఎక్కడ ఆగిందో అక్కడ.

ఆ శనివారం చిమాల్తెనాంగో సంతకు వెళ్లాను. అక్కడ కొవ్వొత్తులమ్మే బాల్తసార్ అనే గుడ్డాయన ఉంటాడు. సంత రద్దీలో ఒక్కడే కర్రతో తిరగడం నేను టీచర్ ట్రైనింగ్ రోజుల నుంచి చూస్తున్నాను. రెండు కొవ్వొత్తులు కొని, మీకు నడక ఎవరు నేర్పారని అడిగాను.

“ఎవరూ నేర్పలేదు. నడిపించేవాళ్లు లేకపోయారు. అదే నా అదృష్టం.”

నేను సంగతంతా చెప్పాను. ఆయన కొవ్వొత్తులు సర్దుకుంటూ విన్నాడు. చెయ్యి పట్టుకోవద్దన్నాడు. కుడి, ఎడమ అని చెప్పొద్దన్నాడు. ఏం వినిపిస్తోందో, కాలికి ఏం తగులుతోందో అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకోమన్నాడు. దారిలో పుల్ల కూడా కదపొద్దన్నాడు.

“పడితే?” అన్నాను.

“లేస్తాడు. నువ్వు లేపకు. నీకు చేతనవుతుందా అని నాకు అనుమానం. మీ టీచర్లకి జవాబు ఎప్పుడూ నాలిక చివరే ఉంటుంది.”

తిరుగు బస్సులో అదే ఆలోచించాను. నడిపించేవాళ్లకు చేరాల్సిన చోటు తెలిస్తే చాలు. నేర్పేవాళ్లకు మాత్రం అవతలి మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియాలి. తొమ్మిదేళ్లలో నాన్న ఎక్కడున్నాడో మాలో ఎవరూ ఆయన్ను అడగలేదు. అమ్మ అడగలేదు. అమ్మ మీద కోపం వచ్చింది. చనిపోయి రెండు నెలలైనా కాని మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు తెలియదు.

ఒంటరిగా నడవడం నేర్చుకోమంటే నాన్న ఒప్పుకోలేదు.

“నేనేమన్నా ఎవరూ లేనివాణ్నా?”

“ఉన్నారు నాన్నా. అందుకే అడుగుతున్నాను.”

“మీ అమ్మ నా కాలికి ముల్లు గుచ్చుకోనివ్వలేదు, తెలుసా?”

“తెలుసు. ఒదీలియాకి ఇప్పుడు పదకొండు. నువ్వింకో ఇరవయ్యేళ్లు బతుకుతావు. అప్పటికి దానికి ముప్ఫై ఒకటి.”

“ఇరవయ్యేళ్లా? అంత శాపం పెట్టకే,” అన్నాడు. కాసేపటి తర్వాత, “పొద్దున్నే అయితే సరే. ఊరు లేవకముందు,” అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే గడపలో నిలబెట్టాను. కర్ర చేతికిచ్చి నాలుగడుగుల వెనక్కి వెళ్లాను.

“ఏం వినిపిస్తోంది నాన్నా?”

“నీ పొగరు వినిపిస్తోంది.”

చాలాసేపు అలాగే నిలబడ్డాం.

“కోడి,” అన్నాడు చివరికి. “విసెంతా రొట్టె తడుతోంది. వాగు.”

“వాగు ఎటుంది?”

నాన్న చెయ్యెత్తి చూపించాడు. సరిగ్గా వాగు వైపే. తొమ్మిదేళ్ల తర్వాత ఆయన వేలు చాచి ఒకదాన్ని చూపించడం అదే మొదలు. ఆయన కూడా ఆ చేతిని వెంటనే దించలేదు.

ఇంటి నుంచి నీళ్ల తొట్టి దాకా ఇరవై రెండడుగులు. అక్కణ్నుంచి దారి పల్లంలోకి దిగుతుంది. పల్లం చివర దారి మధ్యలో మూరెడు వెడల్పున ఒక బల్లపరుపు రాయి పాతుకుని ఉండేది. ఆ రాయి దగ్గర ఎడమకు తిరిగితే దుంగల వంతెన. తిరక్కపోతే రెండు మూడడుగుల్లో వాగు గట్టు. వంతెన దాటాక ఎగువకు కాఫీ తోట, దిగువకు బడి. ఆ రాయిని నేను చూపించలేదు. మూడో రోజు నాన్న బొటనవేలు దానికి కొట్టుకుంది. రెండు బూతులు తిట్టి, ఆగి, కాలితో దాని అంచులు తడిమి, వాగు ఏ చెవిలో గట్టిగా వినిపిస్తోందో చూసుకుని తనంతట తనే ఎడమకు తిరిగాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. బాల్తసార్ మాట గుర్తొచ్చి చేతులు చంకల్లో పెట్టుకున్నాను.

తోటలో మొదటి రోజు నాన్న గాలిని పిసికాడు. అమ్మ చేతులు లేవు కదా, కొమ్మ ఎక్కడుందో తెలియదు. నన్ను తిట్టాడు, కాఫీని తిట్టాడు, దాన్ని ఈ కొండకు తెచ్చినవాణ్ని తిట్టాడు. అలసిపోయి కూర్చోబోతే వీపుకు కాండం తగిలింది. కాండం నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి రెమ్మకు చేతులు నడిచాయి. పండిన కాయ వేళ్లకు మెత్తగా తగిలి ఇట్టే రాలుతుంది, పచ్చిది మొండికేస్తుంది. వారం తిరిగేసరికి ఆయన నడుముకు కట్టుకున్న బుట్టలో ఒక్క పచ్చి కాయ లేదని మేస్త్రీ పదిమందికీ చూపించాడు. నాన్న ఆ రాత్రి భోజనంలో రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

ఊరు ఊరుకోలేదు. పొరుగింటి తియోదోరా ఒక పొద్దున ఆయన్ను ఒంటరిగా చూసి, పరుగున వచ్చి మోచెయ్యి పట్టుకుని గిర్రున తిప్పేసింది. నాన్న అడుగుల లెక్క పోయింది. వదులమ్మా, నీ పుణ్యం నీ దగ్గరే ఉంచుకో అని ఆయన అరిచాడట. ఆమె నొచ్చుకుని, టీచరమ్మ పుస్తకాలు చదివి కన్నతండ్రిని వీధిన వదిలేసిందని చర్చి దాకా చెప్పుకుంటూ పోయింది. మా అన్న ఆ మాటలు విని తల దించుకుని ఇంటికి వచ్చేవాడు. ఒదీలియా మాత్రం పొద్దున్నే లేచి, దశాంశాలు చేసుకుంటూ, తలుపు సందులోంచి తాతను చూసేది. శాలువా కొయ్యకే ఉండేది.

జనవరి మొదటి ఆదివారం నేను సంతకు వెళ్లాను. ఆ రోజు అన్న పార, పలుగు తీసుకుని ఇంటి నుంచి వంతెన దాకా దారంతా బాగుచేశాడు. గడ్డి చెక్కాడు, గుంటలు పూడ్చాడు, వేళ్లు నరికాడు. సాయంత్రం నేను ఆ దారినే వచ్చాను. దారి శుభ్రంగా ఉందే అన్నాను అన్నతో. ఆ మాట అన్నది నేనే.

సోమవారం పొద్దున నాన్న ముందు, నేను పదడుగుల వెనక. తొట్టి దాటి పల్లం దిగాడు. చివర కాలు చాచి వెతికాడు. కాలు మెత్తటి మట్టి మీద పడింది. రాయి ఇంకా రాలేదనుకుని ఒకడుగు వేశాడు. ఆగుతాడనుకున్నాను. చెప్పకూడదు, జవాబు రానివ్వాలి అనుకున్నాను. ఇంకో అడుగు. నేను అరిచేసరికి ఆలస్యమైంది. నాన్న గట్టు మీద నుంచి దొర్లి వాగు అంచున రాళ్లలో పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కనుబొమ్మ చీలింది.

అన్న ఆయన్ను వీపున వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఎముకలు కట్టే మనిషి వచ్చి కట్టు కట్టి వెళ్లేదాకా ఆగి, అందరి ముందూ అన్నాడు: “అమ్మ తొమ్మిదేళ్లు నడిపించింది. ఒక్క దెబ్బ తగల్లేదు. నువ్వు మూడు వారాలు నేర్పావు, చెయ్యి విరిచావు.”

తియోదోరా గుమ్మంలో నిలబడి తల ఊపింది. చెప్పడానికి ఏముంది? నా కళ్లముందే పడ్డాడు. వదిన కొయ్యకున్న శాలువా తీసి ఒదీలియాకు కప్పింది. బడి సంచీని అటక మీద మొక్కజొన్న కండెల వెనకకు తోసింది. పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. దానికి ముందే తెలిసినట్టు నిలబడింది.

మూడు రోజులు నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు సాయంత్రం ఎడమ చేత్తో బీన్సు తింటూ, ఉప్పు అడిగినట్టు అడిగాడు.

“ఆ రాయి ఎవరు తీశారు?”

అన్న తలెత్తాడు. “ఏ రాయి?”

“పల్లం చివరది.”

“నేనే నాన్నా. తవ్వి వాగులోకి దొర్లించాను. నీ కాలికి తగులుతుందని.”

“అది నా కాలికి తగలాల్సిన రాయిరా,” అన్నాడు నాన్న. తర్వాత, “ఉప్పు ఇటివ్వు,” అన్నాడు.

అన్న పళ్లెం కింద పెట్టేశాడు. నేను పొయ్యి వైపు తిరిగాను. దారి శుభ్రంగా ఉందే అని నేనన్న మాట నా చెవుల్లో మోగుతోంది. పుల్ల కూడా కదపొద్దని చెవిలో వేసుకుని వచ్చినదాన్ని, రాయి లేని దారిని చూస్తూ నడిచి వచ్చి మెచ్చుకున్నాను. కళ్లున్నది నాకు.

మర్నాడు అన్న వాగులోకి దిగి వెతికాడు. ఆ రాయి ఏ మడుగులో పడిందో దొరకలేదు. వేరే రాయి తెచ్చి పాతాడు. నాన్న వెళ్లి కాలు పెట్టి, ఇది గుండ్రంగా ఉంది, కోడిపిల్లనుకుంటాను అన్నాడు. రెండోది లోతుగా దిగిపోయింది. మూడోది తెస్తానని అన్న పెరటి వెనక్కి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు భుజం మీద అమ్మ మొక్కజొన్న నూరే రాయి ఉంది. మూడు కాళ్లలో ఒకటి విరిగి ఎప్పుడో పక్కన పడేసినది. నడుమ నలభయ్యేళ్ల అరుగుదల.

అన్న దాన్ని పల్లం చివర బోర్లించకుండా, అరిగిన ముఖం పైకి ఉండేలా పాతాడు. నాన్న వచ్చి కాలు పెట్టాడు. పాదం ఆ అరిగిన గుంటలో సరిగ్గా కూర్చుంది. చాలాసేపు తీయలేదు. తర్వాత ఎడమకు తిరిగి వంతెన వైపు నడిచాడు. అన్న నా వైపు చూడకుండా పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అంతకుమించి మా మధ్య క్షమాపణలేమీ జరగలేదు.

కానీ బడి సంచీ అటక మీదే ఉంది. ఒదీలియా సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే మళ్లీ చెయ్యి విరిచిన మాట వస్తుంది. నన్ను నేను తిట్టుకుంటూ రోజులు లెక్కపెట్టాను.

జనవరి పదిహేనున బడి వరండాలో బల్ల వేసి హెడ్మాస్టరు దోన్ అబెలార్దో, నేను పేర్లు రాస్తున్నాం. పన్నెండుకు మూసేయాలి. పదకొండున్నరకు వరండాలో పదిమంది తల్లులు మిగిలారు. అప్పుడు వంతెన మీద నాన్న కనిపించాడు. కుడి చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో, ఎడమ చేతిలో కర్ర. ఆయన వెనక పదడుగుల దూరంలో ఒదీలియా. శాలువా కప్పుకుంది. రెండు కొంగులూ దాని భుజాల మీదే ఉన్నాయి.

బడి ఆవరణ దాకా బాగానే వచ్చాడు. ఆవరణలో రాయి లేదు, గట్టు లేదు, చదునైన నేల. నాన్న జెండా కర్ర వైపు మళ్లాడు. తల్లులు లేచారు. హెడ్మాస్టరు కుర్చీ వెనక్కి జరిపాడు.

“కూర్చోండి సార్,” అన్నాను. ఎనిమిదేళ్లలో ఆయనతో ఆ స్వరంతో మాట్లాడింది అదొక్కసారే. ఆయన కూర్చున్నాడు. ఆడవాళ్లు నిలబడిపోయారు. అంతా నిశ్శబ్దం. ఒదీలియా నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

నాన్న ఆగి తల అటూ ఇటూ తిప్పాడు.

“ఈ బడిలో నోళ్లు లేవా?” అన్నాడు. “ఎవరో ఒకరు నన్ను తిట్టుకోండమ్మా, ఎటు రావాలో తెలుస్తుంది.”

వరండాలో ఎవరో ఫక్కున నవ్వారు. నాన్న ఆ నవ్వు వైపు తిరిగి, కర్రతో మెట్టు వెతుక్కుని ఎక్కాడు. బల్ల అంచు తడిమి చూసుకుని, మనవరాలి పేరు రాయమన్నాడు. కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమ బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేశాడు.

రిజిస్టరులో ఒక గడి మిగిలింది. ‘పిల్లను తీసుకొచ్చినవారు’. హెడ్మాస్టరు కలం పట్టుకుని ఆగాడు. “పిల్లే కదా ఈయన్ని తీసుకొచ్చింది? ఏం రాయమంటావు?”

నేను కలం ఆయన చేతిలోంచి తీసుకున్నాను. ‘సిరియాకో షికాయ్, తాత’ అని రాశాను. అదే చేతితో ఆ రిజిస్టరులోనే నాలుగుసార్లు ‘ఇంటి అవసరం’ అని రాశాను. ఆ నాలుగు పేజీలూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి, వాటిని నేను చించలేను.

నాన్న బల్ల మీదికి వంగి నాకు మాత్రం వినిపించేలా అన్నాడు: “ఇంటికి వెళ్లేటప్పుడు కొంగు ఇవ్వమను. కాళ్లు వణుకుతున్నాయి. నేనే అడుగుతున్నాను.”

ఒదీలియా కొంగు ఇచ్చింది. ఇద్దరూ ఆవరణ దాటారు, వంతెన దాటారు. అవతలి గట్టున మలుపు దగ్గర నాన్న కొంగు వదిలేసి, ఒక్కడే నిలబడి, కుడి పాదం చాచి నేల మీద వెతుక్కున్నాడు.

రాయి అక్కడే ఉంది.